వింత పండుగలు



స్పెయిను దేశమునకు యాత్ర పోయి వచ్చినవారు అచ్చటి పండుగలను వర్ణించునప్పుడు వినువారికి నవ్వును విస్మయమును ఒక్కసారిగా కలుగును. వలెన్సియా నగరమునకు చేరువనున్న బున్యోలు పట్టణమున ఏటేట ఆగష్టు మాసపు కడపటి బుధవారమునాడు జనులు వీథులలో నిలిచి ఒకరిపై నొకరు టమాటాలు రువ్వుకొందురు. ఈ యాట 1945లో ఒక చిన్న తగవుతో మొదలైనదని చెప్పుదురు. ఒక గంటలో బండ్లకొలది పండ్లు నేలపాలగును. మెతుకు పారవేయుట పాపమని పెరిగిన మనకిది రుచింపదు. మా సోమందేపల్లె సీమలో వానలు తక్కువ. అరకొర నీటితో పండించిన టమాటాలకు ధర లేక రైతు వానిని బాటప్రక్కన పారబోయు దినములును కలవు. కావున ఈ వార్త మాకు మరింత కష్టముగా తోచినది.

అయినను తొందరపడి నవ్వరాదు. కర్నూలు జిల్లా ఆస్పరి మండలములోని కైరుప్పల గ్రామమున ఉగాది మరునాడు జరుగు పిడకల సమరమును చూచినచో ఆ స్పెయిను వారేమందురు? వీరభద్రస్వామికిని భద్రకాళికిని ప్రణయకలహము కలిగెనట. ఊరివారు రెండు పక్షములై పిడకలు రువ్వుకొందురు. దెబ్బ తగిలినవారు గుడిలోని విభూతి పూసికొందురు. పిమ్మట దేవతలకు కల్యాణము జరుగును. అలుక పెండ్లితో ముగియుట సొగసైన భావమే. ఆ సమరమున చేతికి దొరకు ఆయుధములు మాత్రము ఆడువారు తట్టి యెండబెట్టినవే గదా యని మేము నవ్వుకొంటిమి!

ఇక నిప్పుల మాట. స్పెయినులోని సాన్ పెద్రో మన్రీకె గ్రామమున జూన్ 23వ తేది రాత్రి మగవారు ఒకరిని వీపున మోసికొని వట్టికాళ్లతో నిప్పులపై నడచెదరు. ఆ యుత్సవమున మువ్వురు కన్యలు అలంకరించిన బుట్టలను తలపై మోసెదరు. వారిని గూర్చి వినగా మన జాతరలలో జ్యోతులెత్తు ఆడుపడుచులే జ్ఞప్తికి వచ్చిరి. నిప్పుల గుండము మనకును క్రొత్త కాదు. అనంతపురము జిల్లా నార్పల మండలములోని గూగూడున మొహరము దినములలో కుళ్లాయిస్వామి పీరునకు హిందువులును ముస్లిములును కలిసి మ్రొక్కులు చెల్లింతురు. బిడ్డలు కావలెనని మ్రొక్కిన తల్లులు కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ యని పేళ్లు పెట్టుకొందురు. ఆ పేళ్లు ఇరుమతముల యిండ్లలోను వినవచ్చును. చూడవచ్చినవారికి వింతగా తోచునది తల్లికి మ్రొక్కుబడి.

కావున పండుగ వింతయా కాదా యని విచారింపబనిలేదు. తెల్లవారినపిమ్మట ఇంటికి ఏమి తెచ్చినదని మాత్రము విచారింపవలెను. హోళగుంద మండలములోని దేవరగట్టున విజయదశమి రాత్రి మాళమల్లేశ్వరస్వామి ఉత్సవమూర్తులకై జరుగు కర్రల సమరమున ఏటేట తలలు పగులుచున్నవి. ప్రాణములు పోయిన యేండ్లును కలవు. పోలీసులు ఎందరు కాచినను ఇనుపకట్లు వేసిన కర్రలు వచ్చుచునే యున్నవి. ఆ రాత్రి కన్ను మూయక కాచికొనియుండువారు ఇండ్లలోని తల్లులును భార్యలును గదా!

బున్యోలువారు తమ యాటను మానుకొనలేదు, నియమము పెట్టుకొనిరి. రువ్వుటకు ముందు పండును చేతితో చిదుమవలెను. సీసాలు, గట్టి వస్తువులు తేరాదు. 2013 మొదలు టిక్కెట్టు పెట్టి జనసంఖ్యకు మితి యేర్పరచిరి. ఇందువలన ఆటకు గాని ఊరి పేరునకు గాని లోటు రాలేదు.

మన యూళ్లలోను పెద్దలు ఇట్టి నియమము చేయుదురు గాక. వారు చేయువరకు మనము ఊరకుండనేల? దేవరగట్టునకు బయలుదేరు కుమారుని గడపకడ నిలిపి, “నాయనా, మ్రొక్కు తీర్చుకొని రా, కర్రకున్న ఇనుపకట్టు మాత్రము ఇక్కడనే విప్పి పొమ్ము” అని చెప్పు అధికారము తల్లికి గలదు. ఈ దసరాకు ఆ మాట చెప్పి చూతము.