బదిలీ అయితే ఆట ఆగాలా?

అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు రాగానే మనం ముందుగా సర్దుకునేవి పుస్తకాలు. ముందుగా వదిలేసేది ఆట. కొత్త ఊళ్లో తెలిసిన కోచ్ ఉండడు, మన జట్టు ఉండదు. "ఊళ్లు తిరిగే పిల్లలకు ఆటలు అచ్చిరావు" అని పెద్దలు తేల్చేస్తారు. ఆ మాటను మేము ఒప్పుకోము. ఎందుకో చెప్పడానికి స్నూకర్‌ను తీసుకుందాం.

స్నూకర్ పుట్టిందే బదిలీ ఉద్యోగుల మధ్య. 1875లో జబల్‌పూర్‌లోని సైనికాధికారుల మెస్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే యువ అధికారి బిలియర్డ్స్ బల్ల మీద మరికొన్ని రంగు బంతులు చేర్చి ఈ ఆటకు రూపమిచ్చాడని చెబుతారు. తర్వాత ఊటీ క్లబ్బులో దీని నియమాలు స్థిరపడ్డాయి. పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉండి, రాతి పలకలు పరిచిన ఆ బల్లను ఎవరూ పెట్టెలో పెట్టుకుని వెళ్లలేరు. అధికారులు తమతో తీసుకెళ్లినవి నియమాలు, నేర్పు మాత్రమే. ఆట బతకడానికి అవే సరిపోయాయి.

ఇక పంకజ్ అద్వానీ సంగతి చూడండి. 1985లో పుణెలో పుట్టాడు. చిన్నతనం కువైట్‌లో గడిచింది. తర్వాత కుటుంబం బెంగళూరు చేరింది. అక్కడ అన్నయ్య వెంట స్నూకర్ పార్లర్‌కు వెళ్లి ఆట మీద మనసు పడ్డాడు. అరవింద్ సవూర్ దగ్గర శిక్షణ పొంది, 2003లో చైనాలో జరిగిన ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ పోటీలో విజేత అయ్యాడు. అప్పటికి అతని వయసు 18 ఏళ్లు.

2012లో ప్రొఫెషనల్ టూర్‌లో చేరాడు. ఆ జీవితం తేలిక కాదు. టూర్ కార్డు సాధారణంగా రెండేళ్లకే ఇస్తారు. ఇప్పటి పద్ధతిలో ఆ రెండేళ్లలో గెలిచిన బహుమతి సొమ్మును బట్టే ర్యాంకు వస్తుంది. మొదటి 64 మందిలో లేకపోతే కార్డు నిలవడం కష్టం. పోటీలు ఎక్కువగా బ్రిటన్‌లోనే కాబట్టి మనవాళ్లు ఇల్లు వదిలి అక్కడ ఉండాలి. అద్వానీ 2013లో వెల్ష్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లాడు. అయినా 2014లో కార్డు వదులుకుని ఇంటికి వచ్చేశాడు. ఇంటికి దగ్గరగా ఉండి స్నూకర్, బిలియర్డ్స్ రెండూ ఆడాలనుకున్నాడు.

అక్కడే ఉండి ఉంటే ఇంకా పెద్ద పేరు వచ్చేదని కొందరంటారు. ప్రొఫెషనల్ టూర్‌లో పోటీ అమెచ్యూర్ పోటీల కంటే గట్టిదన్న మాటా నిజమే. కానీ తిరిగి వచ్చాక అతను 2015, 2017, 2021లో మళ్లీ ప్రపంచ స్నూకర్ టైటిళ్లు గెలిచాడు. బిలియర్డ్స్‌వి కూడా కలిపితే 2024 నాటికి అతని ప్రపంచ టైటిళ్లు 28. చోటు మార్చాడు, పోటీ మార్చాడు, సాధన మాత్రం మానలేదు. మనం నేర్చుకోవలసింది అదే.

అయితే ఇదంతా ఒక్కడి పట్టుదల వల్లే జరిగిందనుకోకూడదు. బెంగళూరులో రాష్ట్ర బిలియర్డ్స్ సంఘం బల్లలు ఉన్నాయి, ఓపిగ్గా నేర్పే గురువు ఉన్నాడు. తర్వాత ఓఎన్‌జీసీ ఉద్యోగం అండగా నిలిచింది. మన అమ్మానాన్నలు పనిచేసేలాంటి ప్రభుత్వ రంగ సంస్థే అది! భారత ఓపెన్ స్నూకర్ పోటీ కూడా 2013లో ఢిల్లీలో, 2014లో ముంబైలో, 2016లో హైదరాబాద్‌లో, 2017లో విశాఖపట్నంలో, 2019లో కొచ్చిలో జరిగింది. ఊరూరా తిరిగినా పోటీ పోటీగానే ఉంది. ఎందుకంటే ప్రతి ఊళ్లోనూ ముందే ఏర్పాట్లు చేసేవారు ఉన్నారు.

మనకూ కావలసింది ఆ ఏర్పాటే. మనం బడి మారితే మార్కుల వివరాలు మన వెంట వస్తాయి. ఆట వివరాలు రావు. అందుకే మేము మూడు పనులు కోరుతున్నాము. మొదటిది, టీసీతో పాటు ఒక ఆటల పత్రం ఇవ్వాలి. విద్యార్థి ఏ ఆట ఆడాడు, ఏ స్థాయిదాకా వెళ్లాడు, ఇంకా ఏమి సాధన చేయాలి అన్నది పాత వ్యాయామ ఉపాధ్యాయుడు అందులో రాయాలి. రెండోది, జట్టు ఎంపికలు ముగిశాక బదిలీ మీద వచ్చి చేరినవారికి ఒక్కసారైనా ప్రయత్నించే వీలు కల్పించాలి. ఆ ఒక్క సంవత్సరం పోతే కొందరికి వయో విభాగమే దాటిపోతుంది. మూడో పని మన చేతుల్లోనే ఉంది. తరగతిలోకి కొత్తగా వచ్చినవారిని "ఏ ఊరి నుంచి వచ్చావు?" అని అడిగి ఊరుకోకుండా, "ఏ ఆట ఆడతావు?" అని కూడా అడుగుదాం. సాయంత్రం వాళ్లను మైదానానికి వెంటబెట్టుకుని వెళ్దాం.

బదిలీలను మనం ఆపలేం. వాటితో పాటు ఆట ఆగిపోకుండా మాత్రం చూసుకోగలం.