వైద్యుడు లేని చోట నిపుణురాలు, ఉన్న చోట మూగ

2020 మే 3న వైమానిక దళ హెలికాప్టర్లు దేశంలోని ఆసుపత్రుల మీద పూలు చల్లాయి. ఆ పూలవాన కింద నిలిచినవారిలో నర్సులూ ఉన్నారు. పూలు వాడి చాలా కాలమైంది గానీ, ఆనాడు అడగని ప్రశ్న ఇంకా అలాగే ఉంది. వంతులవారీగా రేయింబవళ్లు రోగి పక్కన ఉండే మనిషి బుద్ధికి మన ఆసుపత్రి ఇస్తున్న విలువ ఎంత?

శస్త్రచికిత్స జరిగిన రెండో రాత్రి ఒక రోగిని ఊహించండి. రక్తపోటు మామూలుగానే ఉంది. జ్వరం పెద్దగా లేదు. కానీ నిమిషానికి పదహారుసార్లు పీల్చే శ్వాస ఇరవై ఆరుకు చేరింది. మనిషి మంచంలో కుదురుగా లేడు, మాట తడబడుతోంది, మూత్రం తగ్గింది. అనుభవమున్న నర్సు వీటిని విడివిడిగా చూడదు, కలిపి చదువుతుంది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతోందేమో అని అనుమానిస్తుంది. క్లినికల్ జడ్జ్‌మెంట్ అంటే ఇదే: గమనించడం, అర్థం చెప్పుకోవడం, సకాలంలో కదలడం. రక్తపోటు పడిపోయాక అందరూ పరుగెత్తుకొస్తారు, అది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ఈ గమనింపునకు ఒక కొలబద్ద ఇచ్చింది. శ్వాస, ఆక్సిజన్, నాడి, రక్తపోటు, ఉష్ణోగ్రత, స్పృహ వంటి వాటికి మార్కులు వేస్తారు. 2017లో దాన్ని సవరించారు. శ్వాస నిమిషానికి ఇరవై ఐదు, ఆపైన ఉంటే ఆ ఒక్క అంశానికే మూడు మార్కులు. అంతటితోనే రోగిని అత్యవసరంగా పరీక్షించాలి. అక్కడి వార్డుల్లో కేరళ నర్సులున్నారు, తెలుగు నర్సులూ ఉన్నారు. విమానం దిగగానే వారికి కొత్త బుద్ధి పుట్టలేదు. ఇక్కడ వినని మాటను అక్కడ విన్నారు, అంతే.

ఇక్కడ ఆమె ఫోన్ చేస్తుంది. డ్యూటీ డాక్టరు మరో వార్డులో ఉంటాడు. మళ్లీ చేస్తే విసుగు, పై డాక్టరుకు చేస్తే హద్దు మీరిందన్న నింద. తెల్లారి రోగికి ఏమైనా అయితే మాత్రం సంజాయిషీ నోటీసు మొదట ఆమెకే. ఈ చట్రంలో పనిచేసేవారు క్రమంగా నేర్చుకునే పాఠం ఒకటే: చూసినా చూడనట్టుండడం. ఎవరూ చదవని అంకెను ఎవరూ శ్రద్ధగా లెక్కపెట్టరు. కేస్ షీట్లలో శ్వాస సంఖ్య అందరికీ ఒకేలా కనిపిస్తే ఆశ్చర్యపడనక్కర్లేదు.

ఈ దేశంలో నర్సు నిర్ణయశక్తిని రాజ్యం గుర్తించలేదా అంటే, గుర్తించింది. ఆయుష్మాన్ భారత్ కింద ఉపకేంద్రాలకు వెళ్లే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లలో ఎక్కువమంది నర్సింగ్ చదివినవారే. మన రాష్ట్రాల్లో వారిని ఎంఎల్‌హెచ్‌పీలంటున్నాం. పల్లెలో బీపీ, షుగర్ రోగులను వారు చూస్తారు, మందులిస్తారు, ఎవరిని పెద్దాసుపత్రికి పంపాలో తేలుస్తారు. అంటే వైద్యుడు వెళ్లడానికి ఇష్టపడని ఊరిలో నర్సు బుద్ధి పనికొస్తుంది. వైద్యులున్న నగరపు వార్డులో అదే చదువుకు నోరుండకూడదు. ఇందులో శాస్త్రం లేదు. ఖాళీని చౌకగా పూడ్చుకునే లెక్క ఒకటి, అంతస్తును కాపాడుకునే పట్టుదల మరొకటి.

అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా కొట్టేయలేం. నర్సింగ్ చదువే దిగజారింది కదా అంటారు. మధ్యప్రదేశ్‌లో హైకోర్టు ఆదేశంతో నర్సింగ్ కళాశాలల మీద సీబీఐ విచారణ జరిగింది. 2024లో ఆ విచారణ చేస్తున్న అధికారులే లంచాల కేసులో అరెస్టయ్యారు. నిజమే, సిగ్గుచేటే. కానీ ఇంట్లో ఎలుకలున్నాయని కొంపకు నిప్పు పెట్టుకుంటామా? బోగస్ కళాశాలను మూయించాల్సింది ప్రభుత్వం. ఆ పని చేయని ప్రభుత్వపు తప్పుకు నిజంగా చదువుకున్న నర్సు నోరు మూయించడం ఏ న్యాయం?

చదువుకూ సంఖ్యకూ ప్రాణానికీ ఉన్న సంబంధం ఊహ కాదు. తొమ్మిది ఐరోపా దేశాల్లో నాలుగు లక్షలమందికి పైగా శస్త్రచికిత్స రోగులపై జరిగిన అధ్యయనాన్ని 2014లో లాన్సెట్ ప్రచురించింది. నర్సు మీద ఒక్కో రోగి భారం పెరిగితే, నెలలోపు ఆసుపత్రిలో మరణించే అవకాశం ఏడు శాతం పెరిగినట్టు తేలింది. పట్టభద్రులైన నర్సుల వాటా పది శాతం పెరిగినచోట అది ఏడు శాతం తగ్గింది. చూసే కళ్లకు తీరిక లేకపోతే ఎంత చదువున్నా వృథా.

జీతం సంగతీ ఇందులో భాగమే. సుప్రీంకోర్టు 2016లో ఆదేశిస్తే ఏర్పడిన కమిటీ, చిన్న ప్రైవేటు ఆసుపత్రుల్లో సైతం నర్సుకు నెలకు కనీసం ఇరవై వేలు ఇవ్వాలని సిఫారసు చేసింది. అది అమలు కావాలని కేరళ నర్సులు 2017లో రోడ్డెక్కాల్సి వచ్చింది. వచ్చే నెల ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని కాంట్రాక్టు నర్సు, అర్ధరాత్రి పెద్ద డాక్టరును నిద్రలేపి మీరు రావాల్సిందేనని ఎలా అనగలదు? ఉద్యోగ భద్రత లేనివారి నుంచి ధైర్యాన్ని ఆశించడం పాలకుల కపటం.

1947 నాటి చట్టాన్ని తొలగిస్తూ పార్లమెంటు 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. కమిషన్ పేరు మారితే వార్డు మారదు. ఆసుపత్రులు రాష్ట్రాల పరిధిలోని అంశం కనుక ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. హైదరాబాద్, అమరావతి ఒక్కో జీవోతో మొదలుపెట్టవచ్చు. ప్రమాద సూచికకు మార్కులు వేసే పద్ధతి ప్రతి వార్డులో ఉండాలి. ఆ మార్కులు హద్దు దాటితే నేరుగా సీనియర్‌ను పిలిచే లిఖితపూర్వక అధికారం నర్సుకు ఉండాలి. పిలుపు అందిన డాక్టరు ఎప్పుడు వచ్చాడో, రాకపోతే ఎందుకు రాలేదో కేస్ షీట్‌లో రాయాలి. పిలిచినందుకు ఎవరినీ శిక్షించరాదు. షిఫ్టులో ఎంతమంది నర్సులున్నారో వార్డు తలుపు మీద రోజూ రాయాలి.

వీటికి కోట్లు అక్కర్లేదు, చివరిదాని వెనక నియామకాలు తప్ప. ఆ ఖర్చుకు వెనకాడే ప్రభుత్వాలు మరుసటి మే 12న నర్సుల దినోత్సవ ప్రకటనలు ఇవ్వకుండా ఉంటే అదే గౌరవం. మీ నియోజకవర్గంలోని ఏరియా ఆసుపత్రిలో రాత్రి షిఫ్టున ఒక్క నర్సు ఎంతమందిని చూస్తోందో మీ ఎమ్మెల్యేను అడగండి. జవాబు తెలియకపోతే, ఓటు అడగడానికి వచ్చినప్పుడు మళ్లీ అడగండి.