తొక్క తింటే తక్కువైతమా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ హాస్టళ్లల్ల చదివే మనం ఒకటి ఒప్పుకోవాలె. తండాల అమ్మ బీరకాయ చెక్కితే ఆ పొట్టు పారేయదు. పచ్చిమిరపకాయలు, చింతపండు, ఇన్ని పల్లీలేసి వేయించి రోట్లో నూరుతది. రొట్టెకు అంతకంటే మంచి తొక్కు ఏముంది? హాస్టల్‌కు వచ్చినంక మాత్రం "తొక్కలు పశువులకు" అనుడు నేర్చుకున్నం. ఎవరు నేర్పిన్రు మనకు?

మెస్ వెనకకు పోయి చూడండి. కీరా, క్యారెట్, బీరకాయ తొక్కలు బకెట్లకు బకెట్లు. పీచు ఉన్నదాన్ని డ్రమ్ముల పోసి, మెత్తటిది మాత్రం ప్లేట్ల పెడుతున్నరు. పట్నంల ఇదే తొక్క తింటే 'జీరో వేస్ట్' అట, మనం తింటే పేదరికమట! ఈ లెక్క మేం ఒప్పుకోం.

సలాడ్‌ల కీరా, క్యారెట్ తొక్కతోనే తరగాలె. కానీ మందులు కొట్టిన పంట, ఊకె నీళ్లల్ల ముంచి తీస్తే సరిపోదు, పారే నీళ్ల కింద బాగా రుద్ది కడగాలె. పచ్చబడ్డ ఆలుగడ్డ వద్దు. సొరకాయ, కీరా చేదుంటే కాయకు కాయే పారేయాలె, అక్కడ పొదుపు చూడొద్దు.

ఇంకో మాట గట్టిగనే చెప్తున్నం. 2024ల ప్రభుత్వం డైట్ చార్జీలు 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1500 రూపాయలున్నది 2100 అయింది. తొక్కల పేరు చెప్పి గుడ్డు, కూర తగ్గిస్తే ఊరుకునేది లేదు.

వచ్చే మెస్ కమిటీ మీటింగ్‌ల వారానికోసారి బీరపొట్టు తొక్కు కావాలని రాసియ్యండి. పల్లీలకైతే మన జిల్లాలల్ల కొదవలేదు.