ముగ్గురు వైద్యులు, మూడు మాటలు



నిపుణుడైన వైద్యుడు నిర్ణయం చెప్పిన పిమ్మట మరొకరి గడప తొక్కటం ఆయనను అవమానించటం కాదా? అల్లాహ్‌పై భారం వేసి మొదటి మాటనే పాటించటం తవక్కుల్ కాదా? శామీర్‌పేట సమీప గ్రామంలో పిల్లలకు ఖుర్ఆన్ పఠనం నేర్పే ఒక హాఫిజ్ సాహెబ్ కుటుంబం నుండి ఈ ప్రశ్న వచ్చింది.

వారి వయస్సు 42 ఏళ్ళు. సంవత్సర కాలంగా ఎడమ చెవిలో ఎడతెగని హోరు. ఆ చెవికి ఫోను ఆనిస్తే మాట స్పష్టపడదు. సజ్దా నుండి లేచేటప్పుడు కొద్దిగా తూలు. మొదట గులిమి అనుకున్నారు, పిదప రక్తపోటు అనుకున్నారు. చివరకు ఎమ్మారై పరీక్షలో అకౌస్టిక్ న్యూరోమా అని తేలింది.

చెవి నుండి మెదడుకు వెళ్ళే ఎనిమిదవ నాడిలో శరీర సమతుల్యాన్ని కాపాడే శాఖ ఒకటి ఉంది. ఆ శాఖ పైపొరలో పుట్టే కణితి ఇది. క్యాన్సరు కాదు. ఏటా లక్ష మందిలో సుమారు ఒకరికి బయటపడుతుంది. సాధారణంగా చాలా నెమ్మదిగా, ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంది. కొన్ని కణితులు ఏళ్ళ తరబడి ఉన్నంతలోనే ఉండిపోతాయి. చిక్కంతా దాని ఇరుగుపొరుగుతోనే. ముఖాన్ని కదిలించే నాడి దానిని ఆనుకొని సాగుతుంది. పెరిగితే మెదడు కాండాన్ని ఒత్తుతుంది.

మొదటి వైద్యుడు శస్త్రచికిత్స చేయించుకోమన్నారు. రెండవవారు కిరణ చికిత్స చాలన్నారు. మూడవవారు ఆరు నెలలు ఆగి మళ్ళీ ఎమ్మారై తీసి చూద్దామన్నారు. ఇందులో ఎవరి మాట నిజమని కుటుంబం కలవరపడింది. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. మేడ్చల్ నుండి సికిందరాబాదుకు రైలూ ఉంది, బస్సూ ఉంది. బస్సు డ్రైవరును దారి అడిగితే రైలు వేళలు చెప్పడు కదా! మెదడు శస్త్రవైద్యులు ఎక్కువగా చెవి వెనుక కపాలాన్ని తెరచి వెళతారు. కణితి చిన్నదైతే వినికిడి నిలిచే అవకాశం కొంత ఉంటుంది. 1960 దశకంలో లాస్ ఏంజిల్స్‌కు చెందిన చెవి వైద్యుడు విలియం హౌస్ సూక్ష్మదర్శిని సహాయంతో లోచెవి గుండా వెళ్ళే మార్గాన్ని అభివృద్ధి చేశారు. అందులో ముఖనాడి ముందుగానే కంటపడుతుంది గాని ఆ చెవి వినికిడి పూర్తిగా పోతుంది. 1968లో స్టాక్‌హోమ్‌లో లార్స్ లెక్సెల్ బృందం గామా నైఫ్‌ను వినియోగంలోకి తెచ్చింది. పేరులో కత్తి ఉన్నా కోత ఉండదు. కిరణాలు కణితిని తొలగించవు, అత్యధికుల్లో పెరుగుదలను ఆపుతాయి. ఆ తరువాత ఎప్పుడైనా శస్త్రచికిత్స అవసరమైతే అది మరింత కష్టమవుతుందని పలువురు శస్త్రవైద్యులు అంటారు.

ఇక తవక్కుల్ సంగతి. సిరియాకు బయలుదేరిన హజ్రత్ ఉమర్ (రజి)కు సర్గ్ అనే చోట, ముందున్న ప్రాంతంలో మహమ్మారి ప్రబలిందని తెలిసింది. ఆయన మొదట ముహాజిర్లను పిలిచి సలహా అడిగారు. వారిలో భిన్నాభిప్రాయాలు వచ్చాయి. పిదప అన్సార్లను అడిగారు. వారూ ఏకాభిప్రాయానికి రాలేదు. మూడవసారి ఖురైష్ పెద్దలను అడిగారు. వారు తిరిగి వెళ్ళటమే మేలన్నారు. అప్పుడు నిర్ణయం తీసుకున్నారు. సహీహ్ బుఖారీలో ఉన్న ఈ వృత్తాంతంలో ఒక్కొక్క వర్గాన్ని విడివిడిగా అడగటాన్ని గమనించండి. గాయపడిన ఒక వ్యక్తి కోసం ఇద్దరు వైద్యులు వచ్చినప్పుడు వారిలో వైద్యం బాగా తెలిసినవారు ఎవరని దైవప్రవక్త (స) విచారించినట్లు ఇమామ్ మాలిక్ (రహ్మ) మువత్తాలో ఉంది. కనుక వైద్యుల మధ్య ఎంచుకోవటం విశ్వాసానికి లోపం కాదు. రుఖ్యా చేయించుకోండి, ఇస్తిఖారా నమాజు చేయండి. అయితే ఇస్తిఖారా వివరాలు సేకరించిన పిమ్మట చేసేది, వాటికి బదులుగా కాదు.

హాఫిజ్ సాహెబ్‌ను ఆయన వృత్తి ఏమిటని అడిగినవారు మూడవ వైద్యుడొక్కరే. ఆ ప్రశ్న చాలా విలువైనది. ముఖనాడి దెబ్బతింటే పెదవులు ఒకవైపు సరిగా మూతపడవు. బా, మీమ్, వావ్, ఫా అక్షరాలు పెదవులవే. తజ్వీద్ బోధకునికి అది జీవనోపాధి. పిల్లల పఠనంలోని తప్పు పట్టటానికి చెవి కూడా కావాలి. అదే కణితి రాజీవ్ రహదారిపై లారీ నడిపేవారికి ఉంటే తూలు ముందు ఆలోచించవలసిన అంశమవుతుంది. రెప్ప మూతపడకపోతే కన్ను ఎండి చూపుకే ప్రమాదం. నా మనస్సు మూడవవారి వైపే మొగ్గింది గాని, కణితి కొలత, వయస్సు, మిగిలిన వినికిడి చూడకుండా అదే సలహా మరొకరికి చెప్పలేను.

అడగవలసిన విషయాలను కాగితంపై రాసుకొని వెళ్ళండి. కణితి ఎన్ని సెంటీమీటర్లు? నా వినికిడి ఇప్పుడెంత? మీ చేతిమీదుగా ఇటువంటివి ఎన్ని జరిగాయి, ఎంతమందికి ముఖం వంకరపోయింది? ఆరు నెలలు ఆగితే నాకు కలిగే నష్టమేమిటి? రిపోర్టు ఒక్కటే చాలదు. ఎమ్మారై సీడీ, వినికిడి పరీక్ష పత్రం కూడా తీసుకువెళ్ళాలి. చెవి వైద్యుణ్ణీ, మెదడు శస్త్రవైద్యుణ్ణీ, కిరణ చికిత్సకుణ్ణీ వేర్వేరుగా కలవటం మంచిది. నగరంలో నిమ్స్, గాంధీ, ఉస్మానియా, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి వంటి ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. తమ చికిత్స అందులోకి వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

అయితే కణితి పెద్దదై మెదడు కాండాన్ని ఒత్తుతోందని చెప్పినా, తీవ్రమైన తలనొప్పి, వాంతులు, చూపు మసకబారటం మొదలైనా ఇంటింటి సలహాలకు వ్యవధి లేదు. వెంటనే పెద్దాసుపత్రికి చేరాలి.

మరొక మాట. హాఫిజ్ సాహెబ్‌ను ముగ్గురు వైద్యుల వద్దకు తీసుకువెళ్ళటానికి తమ్ముళ్ళు సెలవు పెట్టారు. ఇదే జబ్బు వారి ఇంటి కోడలికి వస్తే ఎందరి వద్దకు తీసుకువెళ్ళేవారు? పిలిస్తే పలకకపోతే పరధ్యానమని, తూలితే నీరసమని సరిపెట్టేవారే మన ఇళ్ళలో ఎక్కువ. మీ భార్యగాని తల్లిగాని ఎప్పుడూ ఒకే చెవికి ఫోను పెట్టుకొని మాట్లాడుతుంటే, రెండవ చెవికి మార్చి మాట్లాడమని ఈ రోజే అడగండి. మాట వినబడటం లేదంటే ఈ వారంలోనే వినికిడి పరీక్షకు తీసుకువెళ్ళండి.