పాత రంగులో సీసం, ఒంట్లో కొవ్వు

కొలెస్టరాల్ పెరిగిందనగానే మనకు గుర్తొచ్చేవి నూనె, నెయ్యి, బజ్జీలు. తిండి పాత్రను కాదనలేం. అయితే ఒంట్లో కొవ్వు లెక్క తప్పడంలో సీసం, ఆర్సెనిక్, కాడ్మియం వంటి విష లోహాలకూ చేయి ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. వీటిలో మన బడులకు బాగా దగ్గరగా ఉన్నది సీసం.

సీసాన్ని మన ఒళ్లు కాల్షియం అనుకుని మోసపోతుంది. అందుకే అది ఎముకల్లో, పళ్లలో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. రక్తంలో మంచి కొలెస్టరాల్ కణాలను అంటిపెట్టుకుని పారాక్సొనేజ్ అనే ఎంజైము ఉంటుంది. చెడ్డ కొలెస్టరాల్ ఆక్సీకరణ చెంది రక్తనాళాలను పాడుచేయకుండా అది కాపలా కాస్తుంది. అది పనిచేయడానికి కాల్షియం కావాలి. సీసం చేరితే ఆ ఎంజైము మందగిస్తుంది. అంటే పరీక్షలో కొలెస్టరాల్ అంకె మామూలుగానే ఉన్నా కాపలా బలహీనపడి ఉండవచ్చు. జంతువులపై ప్రయోగాల్లోనైతే సీసం కాలేయంలో కొలెస్టరాల్ తయారీని పెంచింది. మనుషుల్లో ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా లేవు కాబట్టి, లావెక్కడానికి సీసమే కారణమని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. పిల్లల మెదడుకు అది చేసే హాని మాత్రం నిర్వివాదం.

ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు గాని, అంతకు మించి గాని ఉందని 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ నివేదిక లెక్కగట్టింది. సుమారు 80 కోట్ల మంది! కడుపులోకి వెళ్లిన సీసాన్ని పిల్లల ఒళ్లు పెద్దలకంటే 4, 5 రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఐరన్, కాల్షియం తక్కువున్న పిల్లల్లో మరీనూ.

మన దేశంలో పెట్రోలులో సీసం 2000లో ఆగింది. ఇళ్లకు వేసే రంగుల్లో అది పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. మరి అంతకుముందు వేసిన రంగు? అది తలుపులకూ కిటికీలకూ అలాగే ఉంది. హోసూరులోనైనా బరంపురంలోనైనా పాత భవనంలో నడిచే మన తెలుగు బడి ఏదైనా ఈ ప్రశ్న వేసుకోవాల్సిందే.

ఉత్త సున్నం గోడతో ఈ బెడద లేదు. భయమల్లా ఎనామిల్ పూతతోనే, అందులోనూ పసుపు, నారింజ, ఎరుపు రంగులతో. వేసవి సెలవుల్లో దాన్ని పొడిగా రుద్దితే లేచే ధూళి బెంచీల మీద, పిల్లల చేతుల మీద చేరుతుంది. తడిపి గీకించాలి, పెచ్చులు ఏరి మూటగట్టించాలి, గది మొత్తం తడిగుడ్డతో తుడిపించాలి. శ్రమదానం పేరుతో పెద్ద తరగతుల పిల్లల చేతికి ఉప్పుకాగితం ఇవ్వడం మనకు కొత్త కాదు. ఈ ఏడు ఆ పని మానేద్దాం. కొత్త రంగు కొనేటప్పుడు సీసం 90 పీపీఎం లోపేనన్న మాట డబ్బా మీద కనిపించకపోతే, దాన్ని దుకాణంలోనే వదిలేసి వద్దాం.