అమ్మని ఎవరు ఎత్తాలి?

మూడేళ్ళ క్రితం అమ్మకి పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిస్తూ డాక్టరుగారు చెప్పవలసినదంతా మా వదినకి చెప్పారు. "ఎత్తేటప్పుడు జాగ్రత్తమ్మా" అన్నారు. అమ్మ అక్కడే ఉంది. మాట తడబడుతోందే గాని వినికిడికేం లోటు లేదు. అన్నయ్యా అక్కడే ఉన్నాడు. ఆ మాట అతనికి చెప్పాలని డాక్టరుకి తోచలేదు, నాకూ తోచలేదు.

తర్వాత ఏడాది పాటు ఇంట్లో జరిగిన దాని పేరు సేవ. వదిన అమ్మ చంకల్లో చేతులు వేసి మంచం మీంచి చక్రాల కుర్చీలోకి ఎత్తేది. (పడిపోయిన చేతిని అలా లాగితే భుజం కీలు దెబ్బతింటుందని మాకెవరూ చెప్పలేదు.) వదినకి నడుంనొప్పి పట్టుకుంది. అమ్మ నీళ్ళు తాగడం తగ్గించేసింది. నీళ్ళు తాగితే బాత్రూంకి వెళ్ళాలి, వెళ్ళాలంటే ఎవరినో పిలవాలి! స్త్రీల ఇంటిచాకిరీ మీద డాక్టరేట్ చేసిన నేను వదిన శ్రమని చూశాను, దాని గురించి అన్నయ్యతో పోట్లాడాను కూడా. అమ్మ దాహాన్ని చూడలేదు.

మన రాతల్లో జరిగిందీ ఇదే. సేవ చేసే స్త్రీ గురించి ఎంతో రాశాం. సేవ అందుకునే స్త్రీని ఆమె మోసే బరువుగానే లెక్కవేశాం.

చివరికి ఒక ఫిజియోథెరపిస్టు వచ్చి, నేరుగా అమ్మనే అడిగింది, ముందు ఏం కావాలని. "ఒక్కదాన్నే లేవాలి" అంది అమ్మ. ఆమె నేర్పినదాంట్లో మంత్రమేమీ లేదు. కుర్చీ బాగున్న వైపు, అంటే అమ్మకి కుడి వైపు, కాస్త ఏటవాలుగా ఉండాలి. రెండు బ్రేకులూ వెయ్యాలి. పాదాల పలకలు పక్కకి తియ్యాలి. మంచం అంచుకి జరిగి, పాదాలు మోకాళ్ళకన్నా కొంచెం వెనగ్గా ఆనించి, ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేంతగా వంగాలి. అప్పుడు నడుము తేలిగ్గా లేస్తుంది. కుర్చీ అవతలి చెయ్యి పట్టుకుని తిరిగి, సీటు కాళ్ళకి తగిలాక మెల్లగా కూచోవాలి.

అయితే తిరిగి మంచం ఎక్కేటప్పుడు మంచం ఎడమ వైపు అవుతుంది. అందుకని కుర్చీని రెండో వైపుకి తిప్పి పెట్టుకోవాలి. తిప్పడానికి చోటేదీ? అమ్మ మంచం వెనక గదిలో బియ్యం డ్రమ్ముకీ గోడకీ మధ్య ఉంది. అదీ నవారు కుంగి, కుర్చీకన్నా జానెడు పల్లంగా ఉంది. హాలంతా సోఫాలు. స్త్రీల ఆస్తిహక్కు గురించి ఇంత మాట్లాడే మనం, జబ్బుపడిన స్త్రీకి ఇంట్లో ఏ మూల దక్కుతుందో ఎప్పుడైనా కొలిచామా? సోఫా తీయించడానికి జరిగిన యుద్ధం ముందు వ్యాయామాలు ఏపాటి! ఇల్లు అమ్మ పేరున ఉంది కాబట్టి గెలిచింది. కుర్చీ ఎత్తుకి సరిపోయే బల్లమంచం వచ్చింది. కుచ్చెళ్ళు కాళ్ళకి అడ్డం పడుతున్నాయని అమ్మ నైటీకి మారితే, ఈ వయసులో ఇదేమిటని చుట్టాలు మూతులు తిప్పారు.

ఆ ఫిజియోథెరపిస్టుకి మేం డబ్బివ్వగలిగాం. ఇవ్వలేని వాళ్ళ మాటేమిటి? 2016 వికలాంగుల హక్కుల చట్టం 27వ సెక్షన్ పునరావాస సేవలు ప్రభుత్వ బాధ్యత అంటూనే, "ఆర్థిక స్థోమత మేరకు" అని తప్పుకునే దారి వదిలింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్ళ పెన్షన్‌ని నెలకి 15,000 రూపాయలు చేశారు. ఆ డబ్బు కావలసిందే. కాని కుర్చీకి పరిమితం కావడమేమిటి? అమ్మని పరిమితం చేసింది మంచం. కుర్చీ బయటికి తీసుకొచ్చింది.

అందరూ అమ్మలా లేవలేరు. వాళ్ళని చేతకానివాళ్ళనే మాట నేను అనను. అదే చట్టం 5వ సెక్షన్ వయసునీ జెండర్‌నీ గమనంలో ఉంచుకుని వ్యక్తిగత సహాయకుల్ని అందుబాటులో ఉంచాలంటోంది. ఎప్పుడు లేవాలో, ఎవరు ముట్టుకోవాలో నిర్ణయించేది ఆమే. కోడలు కాదు, కొడుకూ కాదు.

మన సంఘాలు పెట్టే ఆరోగ్య శిబిరాల్లో రక్తహీనతకి పరీక్షలు చేస్తాం, బి.పి. చూస్తాం. వచ్చే శిబిరంలో ఒక బల్లమంచం, ఒక చక్రాల కుర్చీ కూడా వేయిద్దాం. పక్షవాతం వచ్చిన స్త్రీలని తీసుకొద్దాం. వాళ్ళ కొడుకుల్నీ భర్తల్నీ కూడా రమ్మందాం, బయట బీడీలు కాల్చుకుంటూ నిలబడటానికి కాదు, నేర్చుకోవడానికి.