మొనగాడెవడో తర్వాత, రింగులోకి ఎవర్ని రానిచ్చారో ముందు చెప్పండి

సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల ఇరానీ హోటళ్లలో ఒక ముచ్చట ఎన్నేళ్లయినా ఒడవదు. అలీ గొప్పా, మార్సియానో గొప్పా? జాన్సన్ ఇవాళ ఉంటే ఎవణ్ని పడగొట్టేవాడు? 2022లో మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాక ఇంకోటి తోడైంది: మేరీ కోం గొప్పా, నిఖత్ గొప్పా? ఈ వాదన మాకూ ఇష్టమే. చాయ్ చల్లారేదాకా మేమూ వాదిస్తాం. కానీ పక్క కుర్చీలోంచి ఒక మాట తప్పకుండా వచ్చి పడుతుంది: "పాతకాలంలనే మొనగాళ్లుండిరి. ఇప్పుడు ఆటలల్ల గూడ మెరిట్ పోయింది, అన్నిట్ల కోటాలే." మా పేచీ ఈ మాటతోనే.

సరే, ఆ పాతకాలం లెక్కే విప్పి చూద్దాం. జాన్ సల్లివన్‌ను ఎదురులేని వీరుడన్నారు. 1892లో ఆయన ఎవరొచ్చినా సరే అని సవాలు విసిరి, నల్లవాళ్లతో మాత్రం కొట్లాడనని అందులోనే చెప్పాడు. ఆ రోజుల్లో పీటర్ జాక్సన్ అనే నల్లజాతి బాక్సర్ ఉండె. 1891లో జేమ్స్ కార్బెట్‌తో 61 రౌండ్లు కొట్లాడితే ఎవరూ గెలవలేదు. ఆ కార్బెట్టే మరుసటి ఏడు సల్లివన్‌ను పడగొట్టి చాంపియన్ అయ్యాడు. మరి జాక్సన్‌కు? టైటిల్ పోటీయే ఇయ్యలేదు.

మేం పంతుళ్లం. సగం క్లాసును గేటు బయట నిలబెట్టి పరీక్ష పెట్టి, ఫస్టు వచ్చినోడి పేరు బోర్డు మీద రాస్తే దాన్ని మెరిట్ అంటారా?

జిమ్ జెఫ్రీస్ కథ ఇంకా ఘోరం. చాంపియన్‌గా ఉన్నన్నాళ్లు నల్లవాళ్లకు టైటిల్ పోటీ ఇయ్యకుండా, 1905లో ఓటమెరుగని వీరుడిగా తప్పుకున్నాడు. 1908 డిసెంబరులో సిడ్నీలో జాక్ జాన్సన్ టైటిల్ గెలిచేసరికి తెల్లదొరలకు నిద్ర పట్టలేదు. జాతి పరువు నిలబెట్టమని జెఫ్రీస్‌ను మళ్లీ పట్టుకొచ్చారు. 1910 జూలై 4న రీనోలో 15వ రౌండు కాడికి ఆయన పని అయిపోయింది. ఆ రాత్రి అమెరికా పట్టణాల్లో నల్లవాళ్ల మీద దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. గెలిచింది ఒకడు, దెబ్బలు తిన్నది వాడ మొత్తం. ఇది మనకు తెలియని సంగతా? తర్వాత జాన్సన్ మీద తెల్ల స్త్రీతో తిరిగాడని కేసు పెట్టి 1913లో శిక్ష వేశారు. ఆ కేసులో క్షమాభిక్ష వచ్చింది 2018లో. ఆయన చచ్చిపోయి అప్పటికి 72 ఏళ్లు!

1915లో జాన్సన్ ఓడాక 1937లో జో లూయిస్ వచ్చేదాకా, 22 ఏళ్లు, హెవీవెయిట్ టైటిల్ కోసం ఏ నల్లవాణ్ని రింగు ఎక్కనియ్యలేదు. జాక్ డెంప్సీ ఏడేళ్లు చాంపియన్, హ్యారీ విల్స్‌కు ఆ పోటీ దక్కనే లేదు. డెంప్సీ చేవ లేనోడని మేం అనడం లేదు. ఆయన పద్దులో ఒక పేజీ చించేసి ఉందంటున్నాం. ఇంకో మాట కూడా దాచొద్దు. జాన్సన్ తాను చాంపియన్ అయ్యాక సామ్ లాంగ్‌ఫోర్డ్ అనే మరో నల్ల వీరుడికి టైటిల్ పోటీ ఇయ్యలేదు. ఎక్కినంక నిచ్చెన గుంజుకునే మనోళ్లు మన సంఘాల్లో లేరా? ఉన్నారు.

ఇక అసలు తమాషా వినండి. 1967లో అమెరికాలో ఒక వ్యాపారి ఏ కాలం వీరుడు గొప్పో కంప్యూటర్‌తో తేలుస్తానని రేడియోలో పోటీలు పెట్టాడు. అందులో మహమ్మద్ అలీ ఎవరి చేతిలో ఓడాడో తెలుసా? ఈ జెఫ్రీస్ చేతిలోనే! అలీ పది లక్షల డాలర్లకు పరువు నష్టం దావా వేశాడు. అదే ఏడు, వియత్నాం యుద్ధానికి రానన్నందుకు అలీ టైటిల్ గుంజుకుని మూడున్నరేళ్లు రింగుకు దూరం పెట్టారు. బతికున్న చాంపియన్‌కు నిజం పోటీ లేకుండా చేసి, 1969లో అదే వ్యాపారి మార్సియానోతో ఉత్తుత్తి పోటీ సినిమా తీశాడు. రకరకాల ముగింపులు తీసి పెట్టుకున్నారు. 1970లో అమెరికాలో చూపిన దాంట్లో 13వ రౌండులో అలీ కింద పడ్డాడు. మిషన్‌కు కులం, రంగు లేవంటారు. దాంట్లో లెక్కలు పోసేటోడికి ఉంటయి గదా!

మన దేశం తక్కువ తిన్నదా? చమార్ కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ 1911లో ఇంగ్లండు పోయి వందకు పైగా వికెట్లు తీశాడు. పుణెలో ఆయనకు పెవిలియన్ బయట మట్టి ముంతలో చాయ్ పోశారు. బంతి ముట్టుకోవచ్చు, కప్పు ముట్టుకోవద్దు. హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకు ఎన్నడూ ఇయ్యలేదు.

ఇక మేరీ, నిఖత్. ఒకరు మణిపూర్ కోం తెగ బిడ్డ, ఒకరు తెలంగాణ ముస్లిం బిడ్డ. ఒలింపిక్స్‌లో మగవాళ్ల బాక్సింగ్ 1904లో మొదలైతే ఆడవాళ్లకు గేటు తీసింది 2012లో, 108 ఏళ్లకు. ఆ 2012లోనే మేరీ కాంస్యం తెచ్చింది. అప్పటికే ఆమె ఐదుసార్లు ప్రపంచ చాంపియన్. ఆమె మంచి వయసులో ఆ గేటు మూసే ఉండె. ఒలింపిక్ పతకాలు లెక్కబెట్టి ఎవరు గొప్పో తేల్చేటోళ్లు ఈ ఏళ్లను ఏ ఖాతాలో రాస్తారు?

2019లో ఒలింపిక్స్ అర్హత పోటీలకు ట్రయల్ లేకుండానే మేరీని పంపబోతే నిఖత్ క్రీడామంత్రికి ఉత్తరం రాసింది. ఆమె అడిగింది కోటా కాదు, దయ కాదు. ఒక్క పోటీ పెట్టమంది. చిన్నపిల్లకు ఇంత పొగరా అన్నారు. డిసెంబరులో ట్రయల్ జరిగింది, మేరీ 9-1తో గెలిచింది. మూడేళ్లు తిరగకముందే నిఖత్ ప్రపంచ చాంపియన్ అయింది, 2023లో ఢిల్లీలో మళ్లీ అయింది. పీటర్ జాక్సన్‌కు దక్కని ఆ ఒక్క పోటీ ఈ పిల్ల కొట్లాడి తెచ్చుకుంది. మా లెక్కలో అదీ ఒక టైటిలే.

ఊళ్లలో, బస్తీల్లో ఉన్న సంఘం మిత్రులకు ఒక పని చెప్తున్నాం. ఈసారి బడి మీటింగుకు పోయినప్పుడు హెడ్మాస్టర్ను మూడు సంగతులు అడగండి. బడికి మైదానం ఎంత ఉండె, ఇప్పుడెంత మిగిలింది? ఆటసామాను గది తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఆడపిల్లల కోసం ఆ గది ఆఖరుసారి ఎప్పుడు తెరిచారు? జవాబులు రాసి పంపండి, ఊరి పేరుతో సహా వేస్తాం.